డూమ్‌కు సొంత మ్యాప్: అభిమానుల పనిముట్లతో మొదటి గది కట్టడం

1993 డిసెంబరు 10న ఐడీ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన డూమ్ అనే కంప్యూటర్ తుపాకీ ఆటకు ఇవాళ్టికీ కొత్త మ్యాపులు (ఆట జరిగే స్థలాలు) వస్తూనే ఉన్నాయంటే, అందుకు ముఖ్య కారణం ఆ ఆట లోపలి అమరికే. ఆటను నడిపే ప్రోగ్రాము ఒక ఫైలులోనూ, మ్యాపులూ బొమ్మలూ శబ్దాలూ అన్నీ వాడ్ అనే మరో ఫైలులోనూ ఉంటాయి. 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీలో మార్పు చేయాలంటే అసలు ఫైళ్ల మీదే తిరగరాయవలసి వచ్చేది. డూమ్‌లో ఆ అవసరం లేదు. మన మార్పులను వేరే వాడ్‌లో పెట్టి, ఆట మొదలయ్యేటప్పుడు దాన్ని కూడా చదవమని చెబితే చాలు, అసలు ఫైలు చెక్కుచెదరదు. అసలు వాడ్‌ను ఐవాడ్ అనీ, మనం చేర్చేదాన్ని పీవాడ్ అనీ పిలుస్తారు.

ఐడీ బృందం వాడుకున్న డూమ్‌ఎడ్ అనే మ్యాపులు గీసే ఎడిటర్ నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ల మీద నడిచేది కాబట్టి మామూలు పీసీ ఉన్న ఆటగాళ్లకు అది ఉపయోగపడలేదు. దాంతో అభిమానులే వాడ్ నిర్మాణాన్ని విప్పి చూసి, 1994 ఆరంభంలోనే డీఈయూ అనే ఎడిటర్‌ను తయారు చేశారు. దాని నుంచి లినక్స్ కోసం యాడెక్స్, యాడెక్స్ నుంచి యురేకా పుట్టాయి. మరో దారిలో వచ్చిన డూమ్ బిల్డర్ చేతులు మారుతూ మెరుగుపడి ఇప్పుడు అల్టిమేట్ డూమ్ బిల్డర్‌గా ఉంది. ఈ వ్యాసంలో దాన్నీ, వాడ్ లోపలి వస్తువులను సర్దే స్లేడ్‌నూ వాడదాం. రెండూ ఉచితమే. డూమ్ తర్వాతి భాగమైన డూమ్ 2 కొనకపోయినా ఇబ్బంది లేదు. ఫ్రీడూమ్ అనే అభిమానుల ప్రాజెక్టు అదే పేర్లతో, అదే కొలతలతో సొంతంగా గీసిన బొమ్మలున్న ఐవాడ్‌ను ఉచితంగా ఇస్తోంది. దాని రెండో దశ ఫైలు డూమ్ 2 మ్యాపులకు సరిగ్గా సరిపోతుంది.

ఎడిటర్ తెరిచే ముందే మ్యాపు దేనితో తయారవుతుందో తెలుసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఈ పనిముట్లు చూపించే ప్రతి హెచ్చరికా ఆ భాషలోనే ఉంటుంది. కాగితం మీది చుక్క వంటిది వర్టెక్స్. రెండు వర్టెక్స్‌లను కలిపే గీత లైన్‌డెఫ్. ఆ గీతకు ఒక వైపునో రెండు వైపులానో అంటించే గోడ ముఖం సైడ్‌డెఫ్. గీతలన్నీ కలిసి మూసిన స్థలం సెక్టర్. ప్రతి సెక్టర్‌కూ ఒక నేల ఎత్తు, ఒక కప్పు ఎత్తు, ఒక వెలుతురు స్థాయి ఉంటాయి. ఒక స్థలానికి నేల ఒక్కటే కాబట్టి పాత డూమ్‌లో గది మీద గది కట్టడం సాధ్యం కాదు. ఆటగాడు, రాక్షసులు, తుపాకులు, మందుపెట్టెలు వంటివన్నీ థింగ్‌లు. ఒక్కో థింగ్ ఫైలులో పది బైట్లు మాత్రమే తీసుకుంటుంది: అడ్డం, నిలువు స్థానాలు, చూసే దిక్కు, రకం సంఖ్య, ఏ కష్టస్థాయిలో కనిపించాలో చెప్పే గుర్తులు. ఒకటో రకం అంటే మొదటి ఆటగాడు నిలబడే చోటు, 3001 అంటే ఇంప్ అనే రాక్షసుడు, 2001 అంటే షాట్‌గన్.

అల్టిమేట్ డూమ్ బిల్డర్‌లో కొత్త మ్యాపు మొదలుపెట్టగానే ఏ ఆటకు, ఏ ఫార్మాటులో అని అడుగుతుంది. చాలామంది నేరుగా యూడీఎంఎఫ్ అనే కొత్త ఫార్మాటుకు వెళ్లిపోతారు. అందులో సౌకర్యాలు చాలా ఎక్కువే కానీ, మొదటి మ్యాపుకు డూమ్ 2, డూమ్ ఫార్మాట్ ఎంచుకోవడమే మేలు. చేయగలిగినవి తక్కువ కాబట్టి దారి తప్పే అవకాశమూ తక్కువ, తయారైన మ్యాపు దాదాపు ప్రతి ఇంజన్‌లోనూ (ఆటను నడిపే ప్రోగ్రాములోనూ) ఆడుతుంది. అదే కిటికీలో రిసోర్స్‌గా ఫ్రీడూమ్ రెండో దశ వాడ్‌ను చేర్చండి. అది చేర్చకపోతే గోడలకు అంటించడానికి బొమ్మలేవీ కనిపించవు.

ఇక గది. గ్రిడ్‌ను 64కు పెట్టుకుని (చదరపు బ్రాకెట్ మీటలతో గ్రిడ్ పెరుగుతుంది, తగ్గుతుంది) డి మీట నొక్కి 512 యూనిట్ల చదరం గీయండి. మొదటి చుక్క దగ్గరకే తిరిగి వచ్చి మూసేస్తే సెక్టర్ తయారవుతుంది. వి, ఎల్, ఎస్, టి మీటలతో వరుసగా వర్టెక్స్, లైన్‌డెఫ్, సెక్టర్, థింగ్ పద్ధతుల్లోకి మారవచ్చు. కొలతల విషయంలో రెండు మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఆటగాడి ఎత్తు 56 యూనిట్లు, వెడల్పు 32, ఒక్క అడుగులో ఎక్కగలిగే మెట్టు ఎత్తు 24. మెట్టు 25 అయిందంటే అది ఎక్కలేని గోడే. పింకీ అని పిలిచే రాక్షసుడి వెడల్పు 60 కాబట్టి 64 వెడల్పు దారిలో వాడు కదలడం కష్టం. దారులు 128 వెడల్పు ఉంటే మంచిది. వెలుతురు విలువ 0 నుంచి 255 దాకా ఇవ్వవచ్చు. అయితే పాత ఇంజన్ దాన్ని 16 చొప్పున మెట్లుగా చూస్తుంది కాబట్టి 160కీ 165కీ తేడా కనిపించదు. గదికి 160, మూలల్లో వేరే సెక్టర్లు గీసి వాటికి 112 ఇచ్చి చూడండి, ఆ తేడాతోనే గదికి లోతు వస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది తలుపు దగ్గర, అందుకే దీన్ని నిదానంగా చూద్దాం. డూమ్‌లో తలుపు అనే ప్రత్యేక వస్తువు లేదు. కప్పు నేలదాకా దిగిన సన్నని సెక్టరే తలుపు. ఇలాగే రెండో గది కూడా గీసి, రెండు గదుల మధ్య 128 వెడల్పు, 16 మందం ఉన్న సెక్టర్ గీసి, దాని కప్పు ఎత్తును నేల ఎత్తుకు సమానం చేయండి. ఇప్పుడు గదుల వైపు ఉన్న రెండు పెద్ద గీతలను తీసుకుని వాటి పై భాగపు టెక్స్చర్‌గా బిగ్‌డోర్2 పెట్టండి. అది 128 వెడల్పు, 128 ఎత్తు ఉన్న బొమ్మ కాబట్టి గది కప్పు ఎత్తు కూడా 128 అయితే అచ్చంగా అతుకుతుంది. ఆ రెండు గీతలకూ ఒకటో నంబరు చర్యను ఇవ్వండి. ఆటగాడు నొక్కితే తలుపు తెరుచుకుని, కాసేపు ఆగి మూసుకోవడం దాని పని. ప్రతి గీత మధ్యలో కనిపించే చిన్న గాటు దాని ముందు వైపును చూపిస్తుంది. తలుపు గీతల గాటు తప్పకుండా గది వైపు ఉండాలి. లోపలి వైపు ఉంటే ఎఫ్ మీటతో గీతను తిప్పండి. ఇది చూసుకోకపోతే ఎంత నొక్కినా తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నప్పుడు తలుపు పక్క గదుల్లో తక్కువ ఎత్తున్న కప్పుకు 4 యూనిట్ల కింద ఆగుతుంది, ఆ అంచు కనిపించడం మామూలే. మిగిలిన రెండు చిన్న పక్క గోడలకు డోర్‌ట్రాక్ టెక్స్చర్ పెట్టి, లోయర్ అన్‌పెగ్డ్ గుర్తు వేయండి. ఆ గుర్తు లేకపోతే తలుపుతో పాటు పక్క గోడల బొమ్మ కూడా పైకి జారుతుంది. తలుపు కదులుతూ చట్రం నిలకడగా ఉన్నప్పుడే అది కంటికి నిజం తలుపులా అనిపిస్తుంది.

రెండో గది చివర ఒక గోడ గీతకు పదకొండో నంబరు చర్య ఇస్తే అది మ్యాపును ముగించే స్విచ్ అవుతుంది. మొదటి గదిలో ఆటగాడి థింగ్, ఒక షాట్‌గన్, రెండో గదిలో ఇద్దరు ముగ్గురు ఇంప్‌లు పెట్టండి.

ఎఫ్4 నొక్కితే ఎడిటర్ మ్యాపును పరీక్షించి, మూయని సెక్టర్లనూ టెక్స్చర్ లేని గోడలనూ చూపిస్తుంది. టెక్స్చర్ లేని చోట ఆటలో పాత దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పూసుకుపోయి అద్దాల మండపంలో నిలబడ్డట్టు ఉంటుంది. మ్యాపును సేవ్ చేసినప్పుడు ఎడిటర్ తెర వెనుక నోడ్ బిల్డర్ అనే మరో ప్రోగ్రామును నడుపుతుంది. మ్యాపును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఏ ముక్క ముందు, ఏది వెనుక అన్నది ఒక చెట్టు రూపంలో రాసి పెట్టడం దాని పని. ఆ లెక్క ముందే సిద్ధంగా ఉండడం వల్లనే ఆనాటి నెమ్మది కంప్యూటర్లలో కూడా డూమ్ చురుగ్గా నడిచింది. డీఈయూ రోజుల్లో దీన్ని విడిగా, చేత్తో నడుపుకోవలసి వచ్చేది. ఇక ఎఫ్9 నొక్కితే మీరు సెట్టింగుల్లో చూపించిన ఇంజన్‌లో మ్యాపు తెరుచుకుంటుంది. జీజెడ్‌డూమ్ అనే ఇంజన్‌లో చూసుకున్న తర్వాత చాక్లెట్ డూమ్ అనే మరో ఇంజన్‌లో కూడా ఒకసారి ఆడండి. అది 1990ల నాటి హద్దులను యథాతథంగా పాటిస్తుంది. ఒకే చూపులో 128 విజ్‌ప్లేన్ల కంటే ఎక్కువ నేల, కప్పు భాగాలు కనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. అలా ఆగిన చోట ఎత్తుల తేడాలు తగ్గించి చూపును ఒక గోడతో అడ్డుకోవడమే పరిష్కారం.

మ్యాపు ఆడుతోందంటే స్లేడ్ తెరిచే సమయం వచ్చినట్టే. నేల మీద పరిచే బొమ్మను ఫ్లాట్ అంటారు. అది 64 పిక్సెళ్ల చదరం, ఫైలులో సరిగ్గా 4096 బైట్లు. ఇంట్లో కడప బండల నేల ఉంటే దాన్నే ఫోటో తీసి వాడుకోండి. ఆట రంగుల పట్టికలో ఉన్నవి 256 రంగులే. అందులో బూడిద, గోధుమ, ఎరుపు రంగులకు ఛాయలు పుష్కలంగా ఉన్నాయి కానీ ఊదా రంగుకు చాలా తక్కువ. నల్లటి కడప బండ ఆ పట్టికలో చక్కగా ఇమిడిపోతుంది. ఫ్లాష్ లేకుండా, నీడ పడని వేళ తీయాలి. ఒక మూల వెలుతురు ఎక్కువైతే నేలంతా అదే మరక 64 యూనిట్లకు ఒకసారి కనిపిస్తుంది. ఒక ఫ్లాట్‌లో ఒకే బండ పెడితే అది ఆటగాడి ఎత్తు కంటే పెద్దదిగా తేలుతుంది, కాబట్టి నాలుగు బండలు వచ్చేలా కత్తిరించుకోండి. ఫోటోను 64 పిక్సెళ్లకు తగ్గించి స్లేడ్‌లోకి దిగుమతి చేసి, డూమ్ రంగుల పట్టికతో డూమ్ ఫ్లాట్‌గా మార్చి, ఎఫ్ఎఫ్_స్టార్ట్, ఎఫ్_ఎండ్ అనే గుర్తుల మధ్య ఉంచండి. వాడ్‌లో ప్రతి లంప్ (లోపల ఉండే ఒక్కో వస్తువు) పేరుకూ ఎనిమిది బైట్లే కేటాయించారు కాబట్టి ఇంగ్లీషు లిపిలో ఎనిమిది అక్షరాలకు మించిన పేరు ఒప్పుకోదు.

రాక్షసుల స్వభావం మార్చాలంటే డీహ్యాక్‌ఎడ్ ఉంది. మొదట అది ఆట ప్రోగ్రాము ఫైలునే దిద్దేది. ఇప్పటి ఇంజన్లు దాని ప్యాచ్‌ను మామూలు అక్షరాల ఫైలుగా చదువుకుంటాయి. పన్నెండో థింగ్ ఇంప్. దాని ప్రాణబలం 60 అని ఉన్న చోట 120 అని రాసి, ఆ ఫైలును డీహ్యాక్‌ఎడ్ అనే లంప్‌గా మీ వాడ్‌లో చేర్చితే ఆ మార్పును గుర్తించే ఇంజన్లలో ఇంప్‌లు రెట్టింపు దెబ్బలు తట్టుకుంటాయి.

పదిమందికీ పంచేటప్పుడు మీ మ్యాపూ మీరు చేర్చిన వస్తువులూ ఉన్న పీవాడ్‌ను మాత్రమే ఇవ్వండి. డూమ్ ఐవాడ్‌ను గానీ అందులోని బొమ్మలను గానీ కలిపి ఇవ్వడం తగదు. అది ఇప్పటికీ అమ్ముడవుతున్న ఆట. 1997 డిసెంబరులో ఇంజన్ సోర్సు కోడ్‌ను విడుదల చేసినప్పుడు కూడా ఈ బొమ్మలూ మ్యాపులూ అందులో లేవు. వాడ్ పక్కనే అదే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టడం 1990ల నుంచి ఈ అభిమానులు పాటిస్తున్న ఆచారం. ఏ ఐవాడ్ కావాలి, ఎన్నో మ్యాపు స్థానంలో వస్తుంది, ఏ ఇంజన్లలో ఆడి చూశారు, ఎవరి వస్తువులు వాడుకున్నారు, ఇతరులు దీన్ని మార్చుకోవచ్చా అన్నవి అందులో రాయాలి. చివరిదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దయచేసి అలా వదలకండి. మీ తలుపునో మీ కడప బండనో తన మ్యాపులో వాడుకోవాలనుకునే మనిషి ముందుగా వెతికేది ఆ వాక్యం కోసమే.