కంపుంగ్‌లో పెళ్లి: పెళ్లింటి తరఫున వెళ్లేవాళ్ల పనులు

మలేషియాలో మలయ్ పెళ్లికి అతిథిగా వెళితే గంటలో పనైపోతుంది. తిని, పెళ్లివారితో చెయ్యి కలిపి, కానుకగా చేతిలో పెట్టిన ఉడికించిన గుడ్డు పుచ్చుకుని వచ్చేయడమే. సొంత కంపుంగ్‌లో, అంటే పల్లెలో, తోడబుట్టినవాళ్ల పెళ్లైతే లెక్క వేరు. ఊళ్లో అడుగుపెట్టగానే మీరు పిలిచినవాళ్ల జట్టులో చేరిపోతారు. వడ్డించాలి, మోయాలి, గిన్నెలు కడగాలి. మలయ్ ఇంటికి కోడలో అల్లుడో అయిన తెలుగువాళ్లకీ, "మా చెల్లి పెళ్లి, మాతో రా" అని కౌలాలంపూర్ స్నేహితుడు అంటే కారెక్కినవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అందుకే పెళ్లికి కనీసం మూడు రోజుల ముందు చేరాలి.

సెలవు, దారి

ముందు ఆ రాష్ట్రంలో వారాంతం ఎప్పుడో చూసుకోండి. కెలాంతన్, తెరెంగ్గాను, కెడాల్లో సెలవు శుక్ర, శనివారాలు. జొహోర్ 2025 జనవరి నుంచి మళ్లీ శని, ఆదివారాలకు మారింది. కౌలాలంపూర్ లెక్కతో ఆదివారం కూడా సెలవే అనుకుని వెళితే కెలాంతన్ రాజధాని కోట బారులో అది పనిదినం. పెళ్లిళ్లు ఎక్కువగా బడి సెలవుల్లోనే పెడతారు కాబట్టి బస్సు టికెట్లు ముందే అయిపోతాయి. పడమటి తీరానికి ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైలు హాయి. కెలాంతన్‌కైతే కౌలాలంపూర్ టీబీఎస్ బస్సు టెర్మినల్ నుంచి రాత్రి బస్సో, సొంత కారో. గువా ముసంగ్ మీదుగా వెళ్లే కొండదారిలో లారీ ఒకటి ముందు పడితే దాటే చోటు దొరకదు, సెలవుల్లో ప్రయాణం పన్నెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. హైవే టోల్ దగ్గర నగదు తీసుకోరు. టచ్ అండ్ గో కార్డులో డబ్బు ముందే వేసుకోండి.

తూర్పు తీరంలో నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనం. ఆ రోజుల్లో ముహూర్తం పెడితే టెంటు పల్లంలో వేయనివ్వకండి, కట్టెలు వారం ముందే తడవకుండా కప్పు కింద పేర్చండి.

అన్నకు మాత్రమే ఉండే పని

వధువు తండ్రి లేకపోతే 'వలి'గా, అంటే ఆమెను పెళ్లిచేసి ఇచ్చే సంరక్షకుడిగా, కూర్చునే హక్కు తండ్రి తండ్రికి, ఆయనా లేకపోతే సొంత అన్నదమ్ములకు వస్తుంది. ఇది అలంకారప్రాయమైన పాత్ర కాదు. అక్కడివాళ్లు పాటించే ఇస్లాం ధర్మశాస్త్రశాఖ అయిన షాఫియీ పద్ధతిలో వలి లేనిదే నికాహ్ చెల్లదు. వలి అయ్యే అన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలి. విదేశంలో చిక్కుకుపోయే అవకాశం ఉంటే అధికారం వేరొకరికి అప్పగించే పత్రం గురించి జిల్లా మత కార్యాలయంలో నెలల ముందే అడగాలి. పెళ్లిరోజు ఫోన్లో సర్దుకుందాంలే అంటే కుదరదు.

అక్కకింకా పెళ్లి కాకుండా చెల్లెలి పెళ్లి జరిగితే 'లంగ్కా బెందుల్' అని పెళ్లికొడుకు అక్కకు కానుక ఇస్తాడు. గడప దాటినందుకన్నమాట. బట్టలో, ఉంగరమో, ఏదనేది ముందే మాట్లాడుకోవాలి. అక్కను అడక్కుండా ఆవిడ తరఫున ఎవరో నిర్ణయించడమే ఇందులో గొడవలకు మూలం.

వంట

అసలు బరువంతా ఇక్కడే. కేటరింగ్ పెరిగినా చాలా కంపుంగ్‌లలో 'రేవాంగ్' ఇంకా ఉంది: ఇరుగుపొరుగు కలిసి కోసి, తరిగి, వండడం. ముందురోజు సాయంత్రం ఆడవాళ్లు ఉల్లి, వెల్లుల్లి, అల్లం ఒలుస్తారు, మగవాళ్లు మాంసం కోసి పొయ్యిలు సిద్ధం చేస్తారు. సొంత కత్తి, కోత పలక తీసుకెళితే పని అడుక్కోనక్కర్లేదు. ముస్లిమేతరులైతే ఇంట్లో వాడిన గిన్నెలు, వండిన పదార్థాలు తేకండి. పండ్లు, హలాల్ ముద్ర ఉన్న సీలు ప్యాకెట్లు తెస్తే ఇబ్బంది లేదు.

వెయ్యిమందికి లెక్క ఇలా వేయండి. బియ్యం కిలోకి పదిమంది చొప్పున 100 కిలోలు. కోడిని 12 ముక్కలు కొట్టిస్తే మనిషికి ఒక ముక్క చొప్పున 84 కోళ్లు, రెండోసారి అడిగేవాళ్ల కోసం 100 చెప్పండి. గొడ్డుమాంసం 100 కిలోలకు తగ్గకూడదు. పిలుపు కార్డు ఒక్కోదానికి నలుగురు చొప్పున వేస్తే మనుషుల అంచనా సుమారుగా సరిపోతుంది. ఇంతమందికీ ఒకేసారి కుర్చీలు అక్కర్లేదు. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా వచ్చిపోతుంటారు కాబట్టి 250 కుర్చీలు చాలు. 20 అడుగుల చదరపు టెంటులో పదిమంది బల్లలు నాలుగు పడతాయి. అంటే ఆరు టెంట్లు భోజనాలకు, ఒకటి వంటకు, ఒకటి గిన్నెలు కడగడానికి. ఈ చివరిది మర్చిపోయిన ఇంట్లో మూడింటికల్లా పళ్లాలు అయిపోతాయి.

అన్నం 'నాసి మిన్యాక్', అంటే నెయ్యన్నం. పది కిలోల బాస్మతిని అరగంట నానబెట్టి వంపేయాలి. కిలో నెయ్యిలో దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు, అనాసపువ్వు, తరిగిన ఉల్లి, సువాసనకు పాండన్ ఆకులు వేయించి బియ్యం కలపాలి. సుమారు 15 లీటర్ల నీళ్లు, రెండు మూడు డబ్బాల ఎవాపరేటెడ్ పాలు పోసి, నీళ్లు ఇంకగానే మంట లాగేసి నిప్పుల మీద మగ్గనివ్వాలి. ఒకే పెద్ద బాణలిలో 30 కిలోలు వేసే సాహసం వద్దు. అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది, మాడు వాసన మొత్తానికీ పడుతుంది. పది కిలోల దేగిశాలు వరసగా దించుకోండి.

ఎర్ర కోడికూర 'ఆయం మసాక్ మేరా' కోసం పసుపు, ఉప్పు పట్టించిన ముక్కల్ని తెల్లవారుజామున వేయించి, ఎండుమిర్చి ముద్ద, టమాటా గుజ్జులో ఉదయం కలుపుతారు. ఏ కారణంగానైనా రాత్రే వేయించాల్సి వస్తే వేడి ముక్కల్ని మూత బిగించి పెట్టడం పెద్ద పొరపాటు. ఆవిరి దిగి, పొద్దుటికి పాచి వాసన వస్తుంది. పళ్లాల్లో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. కొబ్బరిపాలు చివర్లో పోసి, పొంగు రాకుండా తెడ్డుతో కలుపుతూనే ఉండాలి, లేకపోతే విరుగుతాయి. వండిన కూర నాలుగు గంటల్లో తినేయాలన్నది అక్కడి ఆరోగ్యశాఖ మాట. కాబట్టి రెండో విడత కూర పన్నెండింటికి దించేలా పెట్టుకోండి.

గొడ్డుమాంసం తిననివాళ్లు 'దాల్చా' విషయంలో జాగ్రత్త. చూడ్డానికి మన పప్పుచారులా వంకాయ, బంగాళాదుంపలతో ఉంటుంది, లోపల ఎముకలు వేసి ఉడికించి ఉండవచ్చు. వంటవాళ్లను ముందే అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అనాసకాయ కూర, కీరా అచార్ అడిగి వేసుకోండి.

బట్టలు

తోబుట్టువులంతా ఒకే రంగు వేసుకుంటారు. గుడ్డ నాలుగు నెలల ముందే కొని కుట్టడానికివ్వాలి, రంజాన్ నెలలో దర్జీలు కొత్త పని తీసుకోరు. మగవాళ్లకు బాజు మెలాయు (చొక్కా, ప్యాంటు), నడుముకు చుట్టే గుడ్డ సాంపిన్, తలకు సొంగ్కోక్ టోపీ. ఆడవాళ్లకు బాజు కురుంగ్ (వదులైన పొడుగు జాకెట్టు, పొడుగు లంగా). నికాహ్‌కు వధూవరులు తరచు తెలుపు కడతారు కాబట్టి మీరు తెలుపు మానేయండి.

నికాహ్, పెలామిన్

వరుడు ఆగకుండా "అకు తెరిమా నికాహ్‌న్యా..." (ఆమెతో నికాహ్ ఒప్పుకుంటున్నాను) అని, వధువుకిచ్చే సొమ్ము 'మహర్' ఎంతో చెప్పి ముగించాలి. మహర్ కనీస మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: సెలంగోర్‌లో 300 రింగిట్లు, జొహోర్‌లో చాలాకాలంగా 22.50. సాక్షులిద్దరూ "సాహ్" (చెల్లింది) అంటేనే పెళ్లి అయినట్టు. తడబడితే మళ్లీ చెప్పిస్తారు. ఆ క్షణాన కెమెరాతో వరుడి ముఖం మీదికి వంగేవాణ్ణి పక్కకు లాగడం మీ పని.

తర్వాత వధూవరుల్ని అలంకరించిన వేదిక 'పెలామిన్' మీద కూర్చోబెట్టి పెద్దలు 'మెరెంజిస్' చేస్తారు. పసుపు బియ్యం, పేలాలు చిటికెడు తీసి చల్లి, ఆకుల కట్టను పన్నీటిలో ముంచి, దిండు మీద పెట్టిన చేతులపై చిలకరిస్తారు. మన అక్షింతల్లా తల మీద వేయకూడదు. చేసేవాళ్ల సంఖ్య బేసిగా ఉంటుంది, పిలిస్తేనే వెళ్లాలి. మతపరమైన కారణాలతో కొన్ని కుటుంబాలు దీన్ని పూర్తిగా మానేశాయి. అక్కడ "ఎందుకు లేదు?" అని అడగకపోవడమే మేలు.

చేతులు కలపడం

పరాయి ఆడ, మగ మధ్య చేతులు కలపరు. కుడిచెయ్యి గుండె మీద పెట్టి తల వంచండి. వెళ్లేటప్పుడు అతిథులు మడిచిన నోటు అరచేతిలో పెట్టుకుని మగవాళ్లు తండ్రితో, ఆడవాళ్లు తల్లితో చెయ్యి కలుపుతారు, ఇదే 'సలాం కావుత్'. స్నేహితుడిగా వెళ్లినవాళ్లు ఇంట్లో మూడు రోజులు తిన్నా సరే, కవరు ఇచ్చే కదలాలి. తోబుట్టువులు మాత్రం ఆవుకో, టెంట్లకో ముందే డబ్బు పంచుకుంటారు. తండ్రి జేబు నిండగానే ఖాళీ చేసి లోపల దాచే మనిషిని ఒక్కణ్ణే పెట్టండి. ఇద్దరైతే రాత్రి లెక్క తేలదు.

వారం రెండు వారాల తర్వాత వరుడి ఊళ్లో రెండో విందు ఉంటుంది. దానికీ సెలవు ఇప్పుడే పెట్టండి. మనవైపు నుంచి ఎన్ని కార్లు, ఎంతమంది వస్తారో మూడు రోజుల ముందు ఖచ్చితంగా చెప్పాలి, వాళ్లు బల్లలు విడిగా వేయించేది ఆ లెక్క మీదే.