ఇల్లు గడవని రోజుల్లో అనుదినాహారం కోసం ఎలా ప్రార్థించాలి

ముందు బియ్యం డబ్బా మూత తీసి చూడండి. ప్రార్థన ఆ తర్వాతే. అప్పులవాడు ఇద్దరు కొడుకులను పట్టుకుపోతాడని ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త అడిగింది నీ ఇంట్లో ఏముందనే (2 రాజులు 4). ఐదు వేలమందికి పెట్టబోయే ముందు యేసు కూడా, మీ దగ్గర ఎన్ని రొట్టెలున్నాయో వెళ్లి చూడమన్నాడు (మార్కు 6:38). ఉన్నదెంతో చూసుకోవడం అవిశ్వాసం కాదు.

లెక్క కాగితం మీద వేయండి. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో బియ్యం వండుతారనుకుందాం. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోలు వస్తే 20 రోజులు గడుస్తాయి. తెలంగాణలో మనిషికి 6 కిలోలు కాబట్టి 24 రోజులు. అంటే నెలకు లోటు 6 నుంచి 10 కిలోలు. "ఎలా బతకాలి దేవా" అని గుండె బాదుకోవడం వేరు, "ఈ 6 కిలోలు దయచేయి తండ్రీ" అని అడగడం వేరు. రేషన్ బియ్యం కూడా ఆయన ఇచ్చినవే. ఈ-కేవైసీ ఆగిపోయి ఉంటే ఈ వారమే చేయించుకోండి. పనికోసం వేరే ఊరు వెళ్లినా అదే కార్డుతో అక్కడి రేషన్ షాపులో బియ్యం తీసుకోవచ్చు.

ప్రార్థన పొద్దున్నే, పనికి బయలుదేరే ముందు చేయండి. ఐదు నిమిషాలు చాలు. ఆ రోజుకు కావలసినవే పేరుపేరునా అడగండి: బియ్యం, పప్పు, బిడ్డ మందులు, బస్సు చార్జీ. వచ్చే నెల ఫీజు గుర్తొస్తే ఆయనకు చెప్పి అక్కడితో వదిలేయండి. మత్తయి 6:11లో ప్రభువు నేర్పింది నేటి ఆహారం అడగమనే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం మన్నా. అది మనిషికి ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు దొరికేది. మర్నాటికి దాచితే పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం కోసం ఆరో రోజు మాత్రం రెండింతలు. అయితే అది ఎవరి గుడారంలోకీ రాలేదు. తెల్లవారుజామునే బయటికెళ్లి ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోయేది (నిర్గమ 16). అందుకే ఆమేన్ అన్నాక ఇంట్లో కూర్చోకూడదు. అడ్డా మీదికి కూలీలను పిలిచే వేళకే చేరాలి. బైబిల్లో విధవరాలైన రూతుకు ఆహారం దొరికింది పొలంలో వంగి పరిగె ఏరుకుంటుండగానే.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమవైపు అడిగింది, కుడివైపు అందింది, తేదీతో సహా. పక్కింటావిడ ఇచ్చిన గిన్నెడు కూర కూడా రాయండి. అందినవి త్వరగా మరిచిపోతాం, అందనివి రాత్రంతా గుర్తుంటాయి. ఒక ఓమెరు మన్నాను తరతరాలకు కనిపించేలా దాచిపెట్టమని దేవుడు చెప్పింది అందుకే. రాసినది శనివారం రాత్రి పిల్లలతో కలిసి చదవండి.

ఎక్కువగా దెబ్బతినేది అప్పు దగ్గర. నూటికి ఐదు వడ్డీకి 10,000 తెస్తే నెలకు 500, ఏడాదికి 6,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంకో ప్రమాదం, నూరంతలుగా తిరిగొస్తుందని చెప్పి చివరి డబ్బు కానుకగా అడిగేవాళ్లు. కరువులో ఏలీయా ప్రవక్తకు తన చివరి పిండిలోంచి రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి కథ చెప్పి మరీ అడుగుతారు. ఆమె అప్పు తెచ్చి ఇవ్వలేదు, తొట్టిలో ఉన్న పట్టెడు పిండిలోంచే ఇచ్చింది. ఉన్నదాన్ని బట్టి ఇచ్చేదే ప్రీతికరమని 2 కొరింథీ 8:12 చెబుతోంది. మీ పిల్లల అన్నం తీసి ఇవ్వకండి.

అన్నిటికన్నా కష్టమైన పని నోరు విప్పి అడగడం. మన సంఘాల్లో చాలాచోట్ల అక్కలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి ఆదివారం తెస్తారు. మీ సంఘంలో ఆ బియ్యం ఉంటే పాస్టరమ్మగారితో విడిగా మాట్లాడండి: "అమ్మా, ఈ నెల 6 కిలోలు తగ్గాయి." అంతే చెప్పండి. ఎంత కావాలో తెలియకపోతే సాయం చేయాలనుకున్నవాళ్లూ ఓదార్పు మాటలతో ఆగిపోతారు. లోటు తీరిన నెల నుంచి మీరూ పిడికెడు తీయడం మొదలుపెట్టండి. రోజుకొకటి చొప్పున నెలకు కిలో పైనే అవుతుంది.