నది మీద ఏడు రాత్రులు, గట్టు మీద ఆరు: డాన్యూబ్ ఓడ ప్రయాణాన్ని అమర్చుకునే తీరు

కర్నూలు నుంచి యూరప్ రివర్ క్రూయిజ్‌కు వెళ్లాలనుకునే బంధుమిత్రులు నన్ను సలహా అడిగినప్పుడు చాలామంది చేతిలో అప్పటికే ఒక ప్యాకేజీ కాగితం ఉంటుంది. అందులో ఓడ ఎక్కే రోజునే విమానం దిగడం, ఓడ దిగిన రోజునే తిరుగు విమానం ఎక్కడం రాసి ఉంటుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే ఒక మాట చెప్పాలని నా తాపత్రయం. నదిలో తిరిగే ఓడ ఒక్కో ఊరికి పూట, మహా అయితే రోజు మాత్రమే ఇస్తుంది కాబట్టి, ముందుగా గట్టు మీద గడపవలసిన రోజులను నిర్ణయించుకుని, వాటికి సరిపడే ఓడను తరువాత వెతుక్కోవాలి. ఈ క్రమం తలకిందులైతే అంత డబ్బు పోసి చూసిన ఊళ్లు కూడా బస్సు కిటికీలోంచి చూసినట్లే మిగులుతాయి.

ఏ నది అన్నది మొదటి ప్రశ్న. రైన్ నది మీద బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా సాగే ప్రయాణం కోటలను ఇష్టపడేవారికి బాగుంటుంది. అయినా మొదటిసారి వెళ్లేవారికి నేను డాన్యూబ్‌నే చెబుతాను. సుమారు 2,850 కిలోమీటర్ల పొడవున, 10 దేశాల గుండా లేదా వాటి సరిహద్దుల వెంట పారే ఆ నది ఒడ్డున వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ అనే నాలుగు రాజధానులు ఉన్నాయి. వాటిలో మొదటి మూడూ ఒకే వారంలో అందుతాయి.

డాన్యూబ్‌లో కూడా ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా అన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి బయలుదేరే ఓడలు 1992లో పూర్తయిన రైన్-మైన్-డాన్యూబ్ కాలువ మీదుగా వచ్చి నదిలో కలుస్తాయి. ఆ తరువాత స్ట్రాబింగ్, విల్స్‌హోఫెన్ పట్టణాల మధ్య సుమారు 70 కిలోమీటర్ల మేర నదికి ఆనకట్టలు లేవు. వానలు తగ్గిన ఏడాది అక్కడ నీరు పలచబడి ఓడలు నిలిచిపోతాయి. అప్పుడు ప్రయాణికులను బస్సుల్లో అవతలి వైపుకు చేర్చి, అక్కడ వేచి ఉన్న మరో ఓడలోకి ఎక్కిస్తారు. పెట్టెలు సర్దుకుని గది మారడం వయసు మళ్లినవారికి చిన్న శ్రమ కాదు. అందువల్ల ఆ ఇరుకును దాటిన తరువాత వచ్చే పస్సావు పట్టణంలో ఓడ ఎక్కి, ఏడు రాత్రుల్లో బుడాపెస్ట్ చేరే దారి నాకు అన్నిటికంటే మేలుగా కనిపిస్తుంది. వరద భయం మాత్రం ఎక్కడైనా ఉంటుంది. 2013 జూన్‌లో పస్సావు పాతబస్తీ నీట మునిగింది. 2009 అక్టోబరులో తుంగభద్ర మన ఇళ్లలోకి వచ్చిన రోజులను చూసిన కర్నూలువారికి నది మాట నదిదే అన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఓడ కంపెనీ షరతుల్లో నీటిమట్టం వల్ల దారి మారితే ఏమి చేస్తారో రాసిన పేరాను సంతకానికి ముందే చదివి తీరాలి.

కాలం విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కరలేదు. మే నెల రెండో సగం, లేదంటే సెప్టెంబరు. మన పిల్లల వేసవి సెలవులతో మే చక్కగా కుదురుతుంది. ఇక్కడ వడగాడ్పులు వీచే ఆ రోజుల్లో వియన్నాలో పగలు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి స్వెట్టర్ ఒకటి చాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అదనపు రోజులను ఎక్కడ పెట్టుకోవాలి? ఓడ రెండు రోజులు ఆగే ఊరిలో మళ్లీ రోజులు పెట్టుకోవద్దని నా అభిప్రాయం. చాలా ఓడలు వియన్నాలో రాత్రి కూడా ఆగుతాయి, రేవు నుంచి మెట్రో ఎక్కితే కొద్ది నిమిషాల్లో నగరం నడిబొడ్డుకు చేరవచ్చు. కనుక వియన్నాను ఓడకే వదిలేసి, ముందు రెండు రాత్రులు రీగెన్స్‌బర్గ్‌లో, వెనుక నాలుగు రాత్రులు బుడాపెస్ట్‌లో పెట్టుకోవడం మంచిది. విమానం టికెట్‌ను మ్యూనిక్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగి వచ్చేలా మల్టీ-సిటీ పద్ధతిలో ఒకే టికెట్‌గా కొనాలి. రెండు విడి టికెట్లు కొంటే ఖర్చు పెరగడమే కాక, ఒక విమానం ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ బాధ్యత వహించరు. కర్నూలువారికి శంషాబాద్ దగ్గర. అనంతపురంవారికి మాత్రం బెంగళూరు ఊరిలోకే వెళ్లకుండా దేవనహళ్లి దగ్గరే విమానాశ్రయం తగులుతుంది.

రీగెన్స్‌బర్గ్ మ్యూనిక్ నుంచి రైలులో సుమారు గంటన్నర దూరం. 12వ శతాబ్దంలో డాన్యూబ్ మీద కట్టిన రాతి వంతెన నేటికీ నిలిచి ఉంది. పాతబస్తీ మొత్తం 2006 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. మూడున్నర గంటల కాలభేదానికి శరీరం అలవాటు పడటానికి అంతకన్నా నెమ్మదైన ఊరు దొరకదు. అక్కడి నుంచి పస్సావుకు రైలు ఉంది. అయితే జర్మనీ రైల్వే కొన్ని మార్గాలను మరమ్మతుల కోసం నెలల తరబడి మూసి బస్సులు నడుపుతోంది కాబట్టి, డాయిచె బాన్ యాప్‌లో మీ తేదీని చూసుకున్న తరువాతే టికెట్ కొనాలి.

ముందు రాత్రులు ఎందుకని అడిగేవారికి నా అనుభవమే జవాబు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను, నా భార్య, అత్తమామలు ఓడ కదిలే రోజునే విమానం దిగేలా టికెట్లు కొన్నాను. మధ్యలో మారవలసిన విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. మేము రేవుకు చేరేసరికి ఓడ మెట్లు తీయడానికి పాతిక నిమిషాలే ఉన్నాయి. మా పెట్టెల్లో ఒకటి మాత్రం మూడో రోజున లింజ్‌లో మమ్మల్ని కలిసింది. అందులోనే మామగారి మందులు ఉన్నాయి. ఓడ ఎవరి కోసమూ ఆగదు, లాకుల (నీటిమట్టాన్ని పెంచి తగ్గించి ఓడను దాటించే తలుపుల గదుల) దగ్గర దానికి కేటాయించిన సమయం తప్పితే వెనుక వరసంతా తప్పుతుంది. మందులు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, విమానానికీ ఓడకూ మధ్య కనీసం రెండు రాత్రులు ఉండాలి.

లాకుల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. సాగునీటితో పాటు పడవలు కూడా నడపాలన్న ఉద్దేశంతో 19వ శతాబ్దంలో మన కర్నూలు-కడప (కె.సి.) కాలువను తవ్వారు. ఆ లాకుల్లో మనం చూడలేకపోయినది డాన్యూబ్‌లో రోజూ చూడవచ్చు. రైన్-మైన్-డాన్యూబ్ కాలువ లాకులు 12 మీటర్ల వెడల్పునే ఉంటాయి, అందుకే ఓడలను 11.4 మీటర్ల వెడల్పుకు మించకుండా, 135 మీటర్ల పొడవు దాకా కడతారు. పస్సావు దాటిన కాసేపటికే యోఖెన్‌స్టైన్ లాకు వస్తుంది. ఆ రాత్రి మా అత్తగారు కిటికీ తెర తీసి చూసి, "ఏందిమ్మా ఇది, గోడ పైకి పోతాంది!" అని నా భార్యను లేపారు. తడి కాంక్రీటు గోడ అద్దానికి జానెడు దూరంలో మెల్లగా పైకి జరుగుతున్నట్లు కనిపించింది. నిజానికి నీరు తగ్గి ఓడే కిందికి దిగుతోంది. బ్రాటిస్లావా తరువాత వచ్చే గాబ్చికోవో లాకులో ఓడ సుమారు 20 మీటర్లు దిగుతుంది. అది ఏ వేళకు వస్తుందో రిసెప్షన్‌లో అడిగి తెలుసుకుని, మేలుకుని పైతట్టుకు వెళ్లి చూడండి.

ఓడలో ఉన్న వారంలో కూడా గట్టు మీద సమయం సంపాదించుకునే దారి ఉంది. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా సుమారు 36 కిలోమీటర్ల వాఖావు లోయ ద్రాక్షతోటలతో, ఆప్రికాట్ చెట్లతో నిండి ఉంటుంది. ఓడ ఆ రెండుచోట్లా ఆగేదైతే, మెల్క్‌లో 1089లో స్థాపించిన మఠాన్ని చూసి, అక్కడే దిగిపోయి అద్దె సైకిల్ మీదనో, స్థానిక పడవలోనో సాయంత్రానికి క్రెమ్స్‌లో ఓడను అందుకోవచ్చు. దారిలో డ్యూర్న్‌స్టైన్ వస్తుంది, 1192లో పట్టుబడిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను బంధించిన కోట శిథిలాలు ఆ ఊరి పైన ఉన్నాయి. ఇలా చేసేటప్పుడు ముందురోజే రిసెప్షన్‌లో చెప్పి, గది కార్డును అప్పగించి వెళ్లాలి. లేకుంటే మీరు ఓడలోనే ఉన్నారని వారు అనుకునే ప్రమాదం ఉంది.

బుడాపెస్ట్ రోజులను మాత్రం నింపేయవద్దు. చివరి ఉదయం తొమ్మిదిలోపే ఓడ ఖాళీ చేయమంటారు, హోటల్ గది మధ్యాహ్నం తరువాత గానీ ఇవ్వరు. ఈ ఐదారు గంటలను ముందే ఆలోచించుకోనివారు పెట్టెలు లాక్కుంటూ తిరుగుతారు. పొద్దున్నే హోటల్‌కు వెళ్లి సామాను అక్కడ పెట్టి, 1913లో తెరిచిన సేచెనీ వేడినీటి స్నానశాలకు వెళ్లడం మా ఉపాయం. అక్కడికి వెళ్లే మొదటి మెట్రో లైను 1896 నాటిది. మరో రోజును బలాటన్ సరస్సు ఒడ్డున ఉన్న బలాటన్‌ఫ్యూరెడ్ ఊరికి ఇవ్వండి. రవీంద్రనాథ్ టాగోర్ 1926లో అక్కడి గుండె ఆసుపత్రిలో చికిత్స పొంది, సరస్సు ఒడ్డున ఒక చెట్టు నాటారు. ఆ ఒడ్డున నడకదారికి ఆయన పేరే పెట్టారు. ఏ ఓడా అక్కడికి తీసుకెళ్లదు. రైలులో రెండు గంటల ప్రయాణం. ఆ చెట్టు నీడలో మా మామగారు చెప్పులు విప్పి నిలబడటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు ఉంటుంది.

వీసా దగ్గర ఈ అదనపు రోజులే లెక్కను మారుస్తాయి, ఇది చాలామంది గమనించరు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాను ఎక్కువ రోజులు ఉండే దేశం దగ్గర అడగాలి. తేల్చలేనప్పుడు మొదట అడుగుపెట్టే దేశం దగ్గర అడగాలి. పైన చెప్పిన ప్రయాణంలో రీగెన్స్‌బర్గ్ రెండు, పస్సావులో ఓడ మీద ఒకటి కలిపి జర్మనీకి మూడు రాత్రులు, లింజ్, క్రెమ్స్, వియన్నాలు కలిపి ఆస్ట్రియాకు నాలుగు, స్లొవేకియాకు ఒకటి వస్తాయి. బుడాపెస్ట్‌లో మూడే రాత్రులు పెట్టుకుంటే ఓడ మీది చివరి రాత్రితో కలిపి హంగరీకి కూడా నాలుగే అవుతాయి, అప్పుడు ఏ దేశం అన్నది తేలదు. ఒక్క రాత్రి పెంచితే ఐదై, హంగరీ అని స్పష్టంగా రాయవచ్చు. నాలుగు రాత్రులని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. మీ ఓడ ఏ రాత్రి ఏ రేవులో ఉంటుందో తెలిపే పత్రాన్ని కంపెనీ నుంచి తీసుకుని దరఖాస్తుకు జతపరచాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఓడ రోజులకే కాక గట్టు రోజులకు కూడా వర్తించాలి. ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. దరఖాస్తును ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు కాబట్టి మే ప్రయాణానికి జనవరిలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పెద్దవారికి వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. పాస్‌పోర్టు తిరుగు తేదీ తరువాత మరో మూడు నెలలైనా చెల్లాలి. బెల్‌గ్రేడ్ దాకా పోయి మళ్లీ వెనక్కు వచ్చే ఓడైతే, సెర్బియా షెంగెన్‌లో లేదు కనుక మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి.

ఇక్కడి ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియాల్లో యూరో చెల్లుతుంది. హంగరీలో ఫోరింట్. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి కొనుగోళ్లు శనివారమే ముగించాలి.

శాకాహారులు ఆ విషయాన్ని బుకింగ్ నాడే రాతపూర్వకంగా చెప్పి, ప్రయాణానికి రెండు నెలల ముందు మరోసారి గుర్తుచేయాలి. గుడ్డు తినరా, చేప తినరా అన్నది విడిగా రాయకపోతే చేపను శాకాహారంగా వడ్డించే అవకాశం ఉంది. శెనక్కాయల పొడి, నువ్వుల పొడి, గట్టి మూతల డబ్బాలో తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు. పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి వ్యక్తిగత సామానులో తేనివ్వరు, పచ్చి ఆకులకు ధృవపత్రం కావాలి.

చివరగా, గట్టు మీద దిగే ప్రతిసారీ ఓడ ఆగిన రేవు సంఖ్యను, బయలుదేరే వేళను, రేవు ఏజెంటు ఫోను నంబరును తెలిపే ఆ రోజు కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకోండి. ఒకే రేవులో మూడు ఓడలను పక్కపక్కన కట్టడం అక్కడ మామూలే. ఉదయం ఒడ్డును ఆనుకుని ఉన్న మీ ఓడ సాయంత్రానికి మూడో వరసలో ఉండవచ్చు. అప్పుడు మిగతా రెండు ఓడల హాలుల గుండా నడిచి మీ గదికి చేరాలి.