పెద్ద పికప్ కొంటున్నారా? పరుగుకా, లాగడానికా తేల్చుకోండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఎవరికైనా పెద్ద పికప్ మీద మనసుపడితే నాకొక ఫోన్ వస్తుంది. "అన్నా, అన్నిటికంటే ఎక్కువ హార్స్‌పవర్ దేనికుంది?" అంటారు. వెనక ఏం తగిలిస్తావు, దాని బరువెంత అని నేను తిరిగి అడుగుతాను. పడవా, క్యాంపరా, గుర్రాల ట్రైలరా? లేక శుక్రవారం రాత్రి ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసు ట్రాక్‌కి వెళ్ళి పావు మైలు తిన్నగా పరిగెత్తించాలనా? అది తేలకుండా ఇంజన్ గురించి మాట్లాడటం దండగ.

ఎందుకో తెలియాలంటే రామ్ కంపెనీ ట్రక్కులే రెండు పక్కపక్కన పెట్టి చూడండి. 2021లో వచ్చిన 1500 టీఆర్‌ఎక్స్‌లో గాలిని ఇంజన్‌లోకి బలంగా నెట్టే సూపర్‌ఛార్జర్ పెట్టిన 6.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. 702 హార్స్‌పవర్, 650 పౌండ్-ఫీట్ టార్క్ (ఇంజన్ తిప్పే బలం). పావు మైలు 12.9 సెకన్లలో దాటుతుందని కంపెనీయే చెప్పింది. కానీ లాగగలిగేది 8,100 పౌండ్లే. అదే ఏడాది 3500లో 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్, హై అవుట్‌పుట్ రకం, 420 హార్స్‌పవరే. సరైన యాక్సిల్ (ఇరుసు), వెనక నాలుగు చక్రాలు ఉన్న మోడల్ అయితే 37 వేల పౌండ్లు లాగుతుంది. ఈ తేడాలో చాలా భాగం ఫ్రేమ్, స్ప్రింగులు, యాక్సిల్, బ్రేకులది. అయినా ఇంజన్ వాటా చిన్నదేమీ కాదు.

దానికి ఒక చిన్న లెక్క ఉంది. టార్క్‌ని ఆర్‌పీఎంతో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 5,252తో భాగిస్తే ఆ క్షణంలో ఇంజన్ ఇస్తున్న హార్స్‌పవర్ వస్తుంది. కమిన్స్ 1,075 పౌండ్-ఫీట్‌ని 1,800 ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. అంటే అప్పటికే 368 హార్స్‌పవర్. టీఆర్‌ఎక్స్ తన 650ని 4,800 దగ్గర ఇస్తుంది, అక్కడ అది 594. కానీ బరువు కట్టుకుని హైవే మీద వెళ్ళేటప్పుడు మనముండేది 1,800 దగ్గరే. అక్కడ కూడా టీఆర్‌ఎక్స్ పూర్తి 650 ఇస్తుందనే అనుకుందాం, వచ్చేది 223. మిగతా బలం కావాలంటే గేర్లు దించుకుని, ఇంజన్ అరుస్తుండగా పై ఆర్‌పీఎంకి వెళ్ళాలి. అందుకే బ్రోషర్‌లో పెద్ద అంకె చూసి ఆగిపోకండి, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో పక్కనే రాసి ఉంటుంది, అది చూడండి.

రెండో సంగతి, ఎంతసేపు అనేది. డ్రాగ్ పరుగు పదమూడు పద్నాలుగు సెకన్లలో అయిపోతుంది, ఇంజన్ వేడెక్కేలోపే. లాగుడు గంటల పని. మా ఒంగోలు వైపు బండలాగుడు పోటీలో ఎద్దుని చివరిదాకా నిలబడుతుందా అనే చూస్తారు, ట్రైలర్ కట్టిన ట్రక్కుని చూడాల్సింది కూడా అలాగే. అమెరికా కంపెనీలు లాగుడు రేటింగు ఇచ్చేది వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ప్రకారం. అందులో ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 12 మైళ్ళ ఎక్కుడు ఉంటుంది. 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, గంటకి 40 మైళ్ళ కింద పడకుండా ఎక్కాలి. వెనక నాలుగు చక్రాలుంటే 35. అక్కడ పరీక్ష రేడియేటర్‌కీ ట్రాన్స్‌మిషన్‌కీ కూడా.

ఇక కొనే ముందు చేయాల్సిన పని. ట్రైలర్ ఇప్పటికే ఉంటే, సామాను నింపి, లారీలు ఆగే ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ అనే కాటా మీద తూయించండి. ఖాళీ ట్రైలర్ బరువు కాగితం మీద చూసి మురిసిపోవద్దు, నీళ్ళు, బట్టలు, పనిముట్లు, జనరేటర్ వేసేసరికి అది మారిపోతుంది. వచ్చిన బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కుకి ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది. ట్రక్కు వెనక తొట్టిలో, అంటే బెడ్‌లో తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయితే 15 నుంచి 25 శాతం. ఇప్పుడు ట్రక్కు డ్రైవర్ తలుపు పక్కనున్న పసుపు స్టిక్కర్ చదవండి. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఉంటుంది. హిచ్ మీద పడే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. టీఆర్‌ఎక్స్ విషయంలో ఆ అంకె 1,310 పౌండ్లు. 8,100 పౌండ్ల ట్రైలర్ 15 శాతం లెక్కన 1,215 తినేస్తే మిగిలేది 95. డ్రైవర్ కూడా ఎక్కడానికి లేదు! చాలామంది ఇంజన్ దగ్గరే వాదించుకుంటూ ఈ స్టిక్కర్ వైపు చూడరు.

డీజిలా, పెట్రోలా? పది వేల డాలర్లు అటూ ఇటూగా డీజిల్‌కి ఎక్కువ పెట్టాలి. ఆ ఇంజన్ బరువెక్కువ, ఆ మేరకు స్టిక్కర్ మీది అంకె తగ్గుతుంది. పొగలోని విషవాయువులు తగ్గించే డెఫ్ ద్రవం పోస్తూ ఉండాలి. రోజూ పిల్లల్ని బడిలో దింపి వచ్చే రెండు మైళ్ళకే వాడితే పొగ ఫిల్టర్ మూసుకుపోయి ప్రాణం తీస్తుంది. కానీ కొండల్లో దానికి సాటి లేదు. టర్బో (ఇది కూడా ఇంజన్‌లోకి గాలి నెట్టేదే) లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి 430 హార్స్‌పవర్ ఇంజన్ 300 లోపుకి వస్తుంది. టర్బో డీజిల్‌కి ఆ దెబ్బ పెద్దగా తగలదు. దిగేటప్పుడు ఇంజన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉండటం ఇంకా పెద్ద వరం. బ్రేకుల వాసన రాకుండా దిగొచ్చు.

నేను తీసుకున్నది మాత్రం ఫోర్డ్ ఎఫ్-250లో 7.3 లీటర్ల పెట్రోల్. 430 హార్స్‌పవర్, 475 పౌండ్-ఫీట్. నేను లాగేది మూసిన ట్రైలర్, అందులో మస్టాంగ్ కారు, టైర్లు, పనిముట్లు అన్నీ కలిపి తొమ్మిది వేల పౌండ్ల దాకా. తిరిగేది టెక్సస్ నేల మీద. దానికి డీజిల్ అక్కర్లేదు. డబ్బు పెట్టాల్సిన చోటు వెనక యాక్సిల్ గేర్ అనిపించి 4.30 నిష్పత్తి ఎంచుకున్నాను. పెట్రోల్ ఖర్చు కాస్త పెరుగుతుంది, కదిలేటప్పుడు హాయిగా కదులుతుంది. పన్నెండు వేల పౌండ్లు దాటిన ఫిఫ్త్ వీల్‌తో ఏటా రాకీ పర్వతాలకి వెళ్ళేవాళ్ళకి మాత్రం డీజిలే తీసుకోమంటాను.

ట్రక్కునే స్ట్రిప్ (డ్రాగ్ రేసు ట్రాక్) మీద పరిగెత్తించాలనుకుంటే మొదట కాగితం మీద పరిగెత్తించండి. డ్రైవర్‌తో సహా బరువుని హార్స్‌పవర్‌తో భాగించి, దాని ఘనమూలం తీసి, 5.825తో గుణిస్తే పావు మైలు సెకన్లు సుమారుగా వస్తాయి. 7,500 పౌండ్లు, 420 హార్స్‌పవర్ డీజిల్‌కి 15.2. టీఆర్‌ఎక్స్‌ని 6,600 పౌండ్లు అనుకుంటే 12.3. కంపెనీ చెప్పింది 12.9 కదా, కాబట్టి ఓ అర సెకను కలుపుకోండి. డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో 13.99 లేదా అంతకంటే తక్కువ సెకన్లలో వెళ్తే హెల్మెట్ ఉండాలి. బయల్దేరే ముందు హిచ్ బాల్, స్పేర్ టైర్, బెడ్‌లోని సామాను దించేయండి.

అసలు గొడవ విడిభాగాల దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే పరుగుకి పనికొచ్చేవి చాలావరకు లాగుడుకి చెరుపు. పెద్ద టర్బో పెడితే పై ఆర్‌పీఎం దగ్గర బలం వస్తుంది, కానీ 1,800 దగ్గర అది ఇంకా నిద్రలోనే ఉంటుంది. రేసు క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే కడ్డీ) కూడా అంతే, కింద ఆర్‌పీఎంలో టార్క్ పోతుంది. ఇంజన్‌ని గేర్లతో కలిపే టార్క్ కన్వర్టర్ 3,000 స్టాల్‌ది, అంటే 3,000 ఆర్‌పీఎం దాకా జారనిచ్చేది పెడితే, స్టార్టింగ్‌లో ట్రక్కు భలే ఎగురుతుంది. అదే కన్వర్టర్‌తో బరువు లాగితే జారుతూ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ని కాల్చేస్తుంది. డ్రాగ్ టైర్ల మెత్తటి పక్కలు ట్రైలర్ బరువుకి ఊగుతాయి, లాగడానికి ఎక్కువ బరువు మోసే, ‘E’ అక్షరం లోడ్ రేంజ్ ఉన్న టైర్లే ఉండాలి. డీజిల్‌లో రేసు ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్‌లో బలం పెంచే సెట్టింగు) వేసి ఎక్కుడులో తొక్కితే ఎగ్జాస్ట్ వేడి 1,300 ఫారన్‌హీట్ దాటి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు పిస్టన్లకి ముప్పు. ట్యూన్ పేరుతో పొగ ఫిల్టర్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

"రెండింటికీ ఒకే ట్రక్కు ఉండదా అన్నా?" అంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచిన డీజిల్ ఉంది. పగలు ట్రైలర్ లాగి, రాత్రి దాన్ని విప్పి స్ట్రిప్ మీద 15, 16 సెకన్లు కొట్టి నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. 12 లోపు కావాలనుకుంటే మాత్రం పాత మస్టాంగ్ ఒకటి చూసుకుని, ట్రక్కుని దాన్ని మోసే పనిలో పెట్టండి. రెండో కారుకి పార్కింగ్ ఎక్కడ, ఇంట్లో ఎలా ఒప్పించాలి అన్నవి నన్ను అడగొద్దు.