మందుల షాపులో హెపటైటిస్ సి పరీక్ష: దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

హెపటైటిస్ సి అనే వైరస్ జబ్బు ఉన్న చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏళ్ల తరబడి పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం లివర్ పాడవుతూ ఉంటుంది. కానీ రెండు మూడు నెలలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమయ్యే జబ్బు ఇది. అందుకే కొన్ని చోట్ల ఆరోగ్య శాఖ మందుల షాపుల్లో కూడా ఈ పరీక్ష చేయిస్తోంది.

ఇతరులు వాడిన సూదితో ఒక్కసారైనా ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు, శుభ్రం చేయని పరికరాలతో పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లు, ఎప్పుడో పాతరోజుల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు తప్పకుండా చేయించుకోవాలి. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకు ముందు దానం చేసిన రక్తంలో దీన్ని పట్టుకునే దారే లేదు. కలిసి తిన్నందుకో, కౌగిలించుకున్నందుకో మాత్రం ఇది రాదు.

అన్ని షాపుల్లోనూ ఈ పరీక్ష ఉండదు. ముందు ఫోన్ చేసి, శిక్షణ పొందిన ఫార్మసిస్టు ఏ వేళలో ఉంటారో కనుక్కోండి. వెళ్లాక కౌంటరు దగ్గర నలుగురి ముందూ ఏమీ చెప్పక్కర్లేదు. "పక్కకు వెళ్లి మాట్లాడాలి" అంటే చాలు.

పరీక్షకు ముందు నింపే ఫారంలో పేరు, వయసు, ఫోన్ నంబరుతో పాటు వైరస్ సోకే అవకాశం గురించి కొన్ని ప్రశ్నలుంటాయి. మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. మీరే ఎత్తే నంబరు ఇవ్వండి. ఫలితం ఎవరికి పంపుతారో చదివాకే సంతకం పెట్టండి. గతంలో ఈ జబ్బుకు మందులు వాడి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. షాపులో కిట్టుతో చేసే పరీక్ష యాంటీబాడీలను, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలను వెతుకుతుంది. నయమైనా రక్తంలో అవి ఉండిపోతాయి కాబట్టి, మీకు కిట్టు పరీక్షతో పనిలేదు, నేరుగా రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చేయాలి.

వేలికొనను తుడిచి, చిన్న సూదితో గుచ్చి, ఒక బొట్టు రక్తం కిట్టులో వేస్తారు. సుమారు 20 నిమిషాలు ఆగాలి. కిట్టు మీద 'సి' (కంట్రోల్, అంటే కిట్టు సరిగ్గా పనిచేసిందని చూపే చోటు) దగ్గర గీత రాకపోతే పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాల్సిందే. 'టి' (టెస్ట్, అంటే మీ ఫలితం చూపే చోటు) దగ్గర లేతగా గీత కనిపించినా పాజిటివ్ కిందే లెక్క.

ఆ గీత చూసి కంగారు పడి వెళ్లిపోయేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే ఆ గీత చెబుతుంది, ఇప్పటికీ ఉందని కాదు. పదిమందిలో దాదాపు ముగ్గురికి మందుల్లేకుండానే పోతుంది. ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. ఆ పరీక్ష ఎక్కడ, ఏ తేదీన అన్నది కాగితం మీద రాయించుకున్నాకే షాపు బయటికి రండి. వీలైతే రక్తం అక్కడే తీసి ల్యాబుకు పంపమని అడగండి. మరో చోటికి వెళ్లాల్సిన పని తప్పుతుంది.

నెగెటివ్ వచ్చినా, సూది పంచుకోవడం లాంటిది ఈమధ్యే జరిగి ఉంటే అప్పుడే నిశ్చింతగా ఉండకండి. యాంటీబాడీలు కనపడటానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా పడుతుంది. మళ్లీ ఎప్పుడు రావాలో ఫార్మసిస్టునే అడిగి ఆ తేదీ కూడా రాసుకోండి.