గుండె లయ తప్పి ఛాతీ పట్టేసినట్టుంటే ఏం చేయాలి

ఇది ఆల్రెడీ డాక్టర్‌కి చూపించుకుని ఏట్రియల్ ఫిబ్రిలేషనో (గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం) ఎస్వీటీనో (గుండె ఉన్నట్టుండి చాలా వేగంగా కొట్టుకోవడం) ఉందని తెలిసినవాళ్ళ కోసం. మొదటిసారి అయితే చదవడం ఆపి హాస్పిటల్‌కి వెళ్ళండి, గ్యాసేలే అని సోడా తాగి పడుకోవద్దు, మనవాళ్ళకి ఇదో పెద్ద అలవాటు.

దడ మొదలవ్వగానే కూర్చోండి, బండి మీదుంటే పక్కకి ఆపేయండి. బట్టలు వదులు చేసుకుని ముక్కుతో మెల్లగా పీల్చి నోటితో ఇంకా మెల్లగా వదలండి, భయానికి గబగబా ఊపిరి తీస్తే ఛాతీ ఇంకా బిగుస్తుంది. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు పెట్టి పల్స్ 60 సెకన్లు పూర్తిగా లెక్కపెట్టి టైముతో సహా ఫోన్లో రాసుకోండి, లయ తప్పినప్పుడు 15 సెకన్లు చూసి 4తో గుణిస్తే లెక్క తేడా కొడుతుంది.

ఎస్వీటీ అయ్యుండి డాక్టర్ నేర్పించి ఉంటేనే, దడ ఆపడానికి వెనక్కి వాలి కూర్చుని ఖాళీ 10 ఎంఎల్ సిరంజిలోకి లోపలి పుల్ల కాస్త కదిలేలా 15 సెకన్లు ఊది, వెంటనే వెల్లకిలా పడుకోవాలి, పక్కనున్నవాళ్ళు కాళ్ళు 45 డిగ్రీలు ఎత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని ఇది ఆపదు. దడ ఆపాలని మెడ నొక్కడాలు ఇంట్లో వద్దు.

రాసిచ్చిన డోసు మించొద్దు, దడ తగ్గింది కదా అని రక్తం పలచబడే మాత్ర మానొద్దు.

కూర్చున్నా కొద్ది నిమిషాల్లో బిగుతు తగ్గకపోయినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు, ఆయాసం, కళ్ళు తిరగడం, మూతి వంకరపోవడం ఏదున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి, సొంతంగా డ్రైవ్ చేసుకెళ్ళొద్దు. దడ ఉన్నప్పుడే తీసిన ఈసీజీ కాపీ అడిగి తీసుకోండి, తగ్గాక తీస్తే చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది.