పార్టులు పోయిన ప్లేయర్ పియానో: ముందు స్క్రూ బెజ్జాలు చూడండి

ప్లేయర్ పియానో అంటే చిల్లులున్న పేపర్ రోల్‌ని బట్టి గాలితో తనంతట తానే మోగే పియానో. నాకు దొరికిన దాంట్లో ఆ రోల్ తిప్పే గాలి మోటారు లేదు. ఒక్కో నోటుని మోగించే 88 చిన్న తిత్తుల్లో 11 లేవు. రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే పొడి రాలేది. ఆత్రం కొద్దీ చూసీ చూడగానే ఒక మోటారు కొనేశాను. అది వేరే మెకానిజానిది. ఇప్పటికీ నా బల్ల కింద పడి ఉంది.

అందుకే ముందు కొనకండి, చూడండి. పియానో మీదున్న పేరు వేరు, లోపలి ప్లేయర్ మెకానిజం చేసినవాళ్ళు వేరు కావచ్చు. స్టాండర్డ్, ఆంఫియన్ లాంటి మెకానిజాలు రకరకాల కంపెనీల పియానోల్లో ఉంటాయి. పార్టు పోయిన చోట టార్చి పక్కవాటంగా వేస్తే చెక్క మీద స్క్రూ బెజ్జాలు, చుట్టూ ఉన్నంతగా దుమ్ము పట్టని మచ్చ కనిపిస్తాయి. నేను ఆ ఆకారాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి దించుకుని, విప్పేసిన పాత పియానోల పార్టులతో పోల్చాను. రెండో మోటారుకి నాలుగు బెజ్జాలూ కలిశాయి. దాని జారుడు వాల్వులకి గ్రాఫైట్ పొడి రాయండి, నూనె వద్దు.

అసలు పియానో బాగుందో లేదో కూడా అప్పుడే చూడాలి. తీగల్ని బిగించే ట్యూనింగ్ పిన్నులు వదులైనా, ఇనుప ఫ్రేము పగిలినా ప్లేయర్ జోలికి పోకండి. తర్వాత రోల్ ఎదురుగా ఉండే ట్రాకర్ బార్‌లో బెజ్జాలు లెక్కపెట్టండి. అంగుళానికి 9 చొప్పున 88 ఉంటే, 1908లో ప్రమాణంగా ఒప్పుకున్న రోల్స్ సరిపోతాయి. 65 ఉంటే అంతకుముందు రకం, వాటి రోల్స్ వేరు.

పెడల్ తొక్కితే లోపలి గాలి బయటికి లాగేస్తుంది. కాగితంలోని చిల్లు బార్ మీదికి రాగానే కాస్త గాలి లోపలికి దూరి తోలు పొరని పైకెత్తుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, చిన్న తిత్తి ముడుచుకుని ఆ నోటుని మోగిస్తుంది. ఎక్కడ లీకైనా ఈ వరుస చెడుతుంది.

తిత్తులు విప్పే ముందు ప్రతిదానికీ పెన్సిల్‌తో నంబరు వేయండి. లేనివాటికి పక్క తిత్తి కొలతలే తీసుకుని రెండు పలకలు కోసి, ఒక అంచున బట్టతో మడత కట్టి, చుట్టూ రబ్బరు పూత ఉన్న పల్చటి బట్ట అంటించండి. ఇక్కడ తెల్ల జిగురు వాడకండి. నేను ఒక తిత్తికి వాడి, తర్వాత ఊడదీయబోతే చెక్క పెళ్ళలుగా లేచింది. పశువుల తోలు ఉడికించి తీసే జిగురైతే వేడి, తడి తగిలితే వదులుతుంది. నీళ్ళ గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచుకోవాలి. అది గడ్డకట్టేది క్షణాల్లో, కాబట్టి బట్ట ముక్కలన్నీ ముందే కోసి పెట్టుకోండి. ఆరాక తిత్తిని మూసి, దాని బెజ్జాన్ని బొటనవేలితో నొక్కిపెట్టి ఉంచే తిత్తిని వదలండి. మూసుకునే ఉంటే సరే, ఉబ్బితే మళ్ళీ మొదలు. నావి మూడు ఉబ్బాయి.

వాల్వుల తోలు గట్టిపడితే మార్చండి. గొట్టాలు అన్నీ కొత్తవే వేయండి, ఒకటీ రెండూ మిగుల్చుకుంటే వచ్చే ఏడాది మళ్ళీ విప్పాలి.

చివరగా ట్రాకర్ బార్ అంతా టేపుతో మూసి పెడల్ తొక్కండి. కాలికి బిగువు తగలాలి. తర్వాత టేపు కొంచెం కొంచెంగా జరుపుతూ ఒక్కో బెజ్జం తెరవండి. నా దాంట్లో టేపు వేసి ఉండగానే 31వ నోటు మోగింది. చూస్తే దాని గొట్టం బార్ వెనక నుంచి ఊడి వేలాడుతోంది.